వయోజనులకు రాత నేర్పడం

తెలుగునాట పెద్దవాళ్లకు చదువు చెప్పే ప్రయత్నాల్లో చదవడం కంటే రాయడమే ఎక్కువగా వెనకబడింది. వేలిముద్ర పోయి సంతకం వస్తే చాలనుకున్న చోట్లు ఎన్నో. అప్పు కాగితంలో ఏముందో తెలియకుండానే వేలు నొక్కిన మనిషికి సంతకం చిన్న సంగతేమీ కాదు. అయినా పేరు గీయగలగడం వేరు, తన మాట తాను రాసుకోగలగడం వేరు.

పిల్లలు ఓనమాలతో మొదలుపెట్టి గుణింతాలు, ఒత్తులు దాటుకుని మాటల దగ్గరికి వస్తారు. పెద్దవాళ్ల దగ్గర మాట ముందే ఉంటుంది, దాని రూపమే తెలియదు. అందుకే గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) వ్యావహారిక భాష కోసం చేసిన పోరాటం వయోజన విద్యకూ ఎంతో మేలు చేసింది. నోట పలికే తెలుగునే కాగితం మీద పెట్టవచ్చన్న నమ్మకం లేకుంటే, అక్షరాలతో పాటు ఇంకో భాష కూడా నేర్చుకోవాల్సి వచ్చేది. బ్రెజిల్‌లో విద్యావేత్త పాలో ఫ్రెయిరే కూడా 1960ల్లో కూలీల బతుకులోంచి ఏరిన మాటలతోనే పాఠం మొదలుపెట్టాడు.

మన దేశంలో జాతీయ వయోజన విద్యా కార్యక్రమం 1978 అక్టోబరు 2న, జాతీయ అక్షరాస్యతా మిషన్ 1988 మే 5న మొదలయ్యాయి. రాత అంటే ఏమిటో మిషన్ లెక్క కట్టి చెప్పింది: నిమిషానికి 7 మాటలు చూసి రాయాలి, చెబుతుంటే 5 మాటలు రాయాలి, మాటల మధ్య ఎడం, వరుస కుదరాలి, చిన్న ఉత్తరం, దరఖాస్తు సొంతంగా రాయాలి. పాఠం మూడు వాచకాల్లో, సుమారు 200 గంటల్లో ముగియాలి.

కొడవలి పట్టిన చేతికి బలపం చాలా తేలిక. ఆ చెయ్యి అలవాటు కొద్దీ గట్టిగా నొక్కుతుంది, బలపం విరుగుతుంది. తెలుగు అక్షరాలు చాలావరకు గుండ్రనివి. తలకట్టు దగ్గర మణికట్టు తిరగదు, కొమ్ము కిందికి జారిపోతుంది, ‘ప’ రాయబోతే ‘వ’ పడుతుంది. పగలంతా పొలంలో వంగిన నడుముతో రాత్రి లాంతరు ముందు కూర్చున్న మనిషికి 5 మాటల లెక్క ఎంత బరువో పక్కన కూర్చుని నేర్పినవాళ్లకే తెలుస్తుంది.

1991లో నెల్లూరు జిల్లాలో నడిచిన ‘అక్షర దీపం’ అక్షరాస్యతా ఉద్యమం ఈ చరిత్రలో గొప్ప ఘట్టం. ఆ ఏటి జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మహిళల అక్షరాస్యత 33 శాతం లోపే. అక్షరాస్యత తర్వాతి దశ వాచకం ‘చదువు వెలుగు’లోని సీతమ్మ కథ సారాతో చితికిన కాపురాల గురించి మాట్లాడింది. చదివినవాళ్లు అందులో తమ ఇల్లే చూసుకున్నారు. 1992లో అదే జిల్లాలోని దూబగుంట మహిళలు సారా అంగడి మూయించారు, వాళ్ల గెలుపు ‘ఆడవాళ్లు ఏకమైతే’ అన్న పాఠమైంది. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధించారు. అక్షరం ఒక్కటే ఇదంతా చేసిందనడం అతిశయోక్తే, కానీ రోజూ ఒకచోట కూర్చుని మాట్లాడుకునే వీలు కల్పించింది మాత్రం ఆ అక్షరాస్యతా కేంద్రమే. తర్వాత అదే జిల్లాలో మహిళా సంఘాలు రోజుకో రూపాయి దాచే ‘పొదుపు లక్ష్మి’ వచ్చింది. దాచిన రూపాయికి లెక్క రాయాలి కదా, రాత అవసరం అలా ఇంటిదాకా వచ్చింది.

2009 సెప్టెంబరు 8న సాక్షర భారత్, 2022లో, తర్వాత ఉల్లాస్ అని పేరు పెట్టిన వయోజన విద్యా పథకం వచ్చాయి. అయినా నేటికీ చాలా పొదుపు సంఘాల్లో తీర్మానాల పుస్తకం రాసేది చదువుకున్న ఒక్కరే, మిగతావాళ్లు కింద సంతకం పెడతారు.