ఆరోగ్యవరము నుండి రోగి ఇంటికి

క్షయవ్యాధి నివారణ చరిత్రలో దాతల సహాయమునకు పెద్ద స్థానము కలదు. అయితే ఎంత దానము లభించినదన్నది ఒక ప్రశ్న; అది ఎందరు రోగులకు చేరినదన్నది మరియొక ప్రశ్న. ఈ రెండింటికిని గల భేదమును తెలిసికొనుటకు మదనపల్లె చరిత్ర మంచి ఉదాహరణము.

1882లో జర్మన్ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాక్ క్షయకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొనెను. కాని కారణము తెలిసినంతనే మందు దొరకలేదు. అటుపిమ్మట అరువది సంవత్సరములకు పైగా వైద్యులు చేయగలిగినది స్వల్పమే. రోగికి విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, స్వచ్ఛమైన గాలి సమకూర్చి, శరీరము తనంత తానుగా రోగమును జయించుటకై వేచియుండెడివారు. అందుకై కట్టబడిన ఆస్పత్రులే శానిటోరియములు.

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడెను. మరుసటి సంవత్సరమే ఆ జిల్లాలోని మదనపల్లెలో, డెన్మార్కు దేశీయుడగు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ నాయకత్వమున, పలు క్రైస్తవ మిషనులు కలిసి క్షయ చికిత్సకు పూనుకొనినవి. ఆ ప్రాంతము సముద్రమట్టమునకు రమారమి 700 మీటర్ల ఎత్తున నున్నది. 1915లో ఊరికి సమీపమున శానిటోరియము తెరవబడినది. ఆ స్థలమునకు ఆరోగ్యవరమని పేరు. విదేశీయుల విరాళములు, స్వదేశీయుల సేవ కలిసి అచట ఎందరికో ప్రాణదానము చేసినవి.

కాని దేశములోని రోగుల సంఖ్య ఎంత? 1946లో భోర్ సంఘము ఇచ్చిన నివేదిక ప్రకారము క్షయరోగులు సుమారు 25 లక్షలు. ఏటా మరణించువారు 5 లక్షలు. దేశమంతట వారికై ఉన్న పడకలు రమారమి 6,000. అనగా నాలుగు వందల మందికి పైగా రోగులకు ఒక్క పడక!

పులికాట్ సరస్సులో వలవేసి బ్రతుకు జాలరికి క్షయ సోకినదనుకొందము. మదనపల్లె అతనికి సుమారు 200 కిలోమీటర్ల దూరము. అదృష్టవశమున పడక దొరికినను, అతడు నెలల తరబడి అచట నుండినచో పడవ నడపువారెవరు? పిల్లలకు గంజి పోయువారెవరు? ఉచిత చికిత్సయు పేదవానికి ఖరీదైనదే.

రెండవ ప్రపంచయుద్ధము తరువాత సహాయము క్రొత్త రూపము దాల్చెను. ఫ్రాన్సులో కాల్మెట్, గెరాన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు పదమూడేండ్లు శ్రమించి తయారు చేసిన బి.సి.జి. టీకాను 1921లో మొదటిసారి మానవునికి ఇచ్చియుండిరి. మన దేశములో ఆ టీకా 1948 ఆగస్టులో మదనపల్లెలోనే ఆరంభమైనది. మద్రాసు గిండీలో టీకా తయారీకి ప్రయోగశాల వెలసినది. డెన్మార్కు, నార్వే, స్వీడన్ దేశముల సంస్థలు యునిసెఫ్‌తో కలిసి 1948 నుండి 1951 వరకు పలు దేశములలో సుమారు 3 కోట్ల మందిని పరీక్షించి, రమారమి 1 కోటి 40 లక్షల మందికి టీకాలు వేసినవి. అయితే 1955లో రాజాజీ వంటి పెద్దలు ఈ టీకాను తీవ్రముగా వ్యతిరేకించిరి. ప్రజలకు నచ్చజెప్పుట కూడ వైద్యములో భాగమేనని ఆ వివాదము నేర్పినది.

ఇంతలో మందులు వచ్చినవి. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడెను. 1952లో ఐసోనియజిడ్ వాడుకలోనికి వచ్చెను. మరి మాత్రలు మ్రింగుటకు ఆస్పత్రి పడక అవసరమా? దీనిని తేల్చుటకు 1956లో భారత, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలులు, మద్రాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్యసంస్థ కలిసి మద్రాసులో పరిశోధన ప్రారంభించినవి. 193 మంది రోగులను చీట్లు వేసినట్లు రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు శానిటోరియములోను, రెండవ వర్గమునకు ఇంటివద్దను, ఒకే మందులను ఏడాదిపాటు ఇచ్చిరి. శానిటోరియములో మంచి భోజనము, పూర్తి విశ్రాంతి. ఇంటిలో ఇరుకు గది, చాలీచాలని తిండి. అయినను 1959లో వెలువడిన ఫలితములు దాదాపు సమానము! ఇంటివద్ద నున్న రోగుల వలన కుటుంబీకులకు వ్యాధి అధికముగా సోకలేదనియు తేలినది. వ్యాధిని కుదుర్చునది గాలి కాదు, మందు. జాలరి తన గుడిసెలోనే స్వస్థుడు కావచ్చును. 1962లో ఆరంభమైన జాతీయ క్షయ నివారణ కార్యక్రమమునకు ఈ ఫలితమే ఆధారము.

అయితే ఇందులో ఒక చిక్కు కలదు. రెండు మూడు నెలలు మందు వాడగనే దగ్గు తగ్గును. రోగి మందు మానివేయును. అప్పుడు మిగిలిన సూక్ష్మజీవులు ఆ మందునకు లొంగని విధముగా మారవచ్చును. కాబట్టి మందు ఒకసారి ఇచ్చిన చాలదు, చివరివరకు అందవలెను.

సద్భావముతో ఇచ్చినదంతయు సత్ఫలితము నిచ్చునని చెప్పుటకును వీలులేదు. 1968లో చెంగల్పట్టు జిల్లాలో ఆరంభించిన గొప్ప పరిశోధనలో, బి.సి.జి. పెద్దవారికి ఊపిరితిత్తుల క్షయనుండి రక్షణ నీయలేదని 1979లో వెల్లడియైనది. పసిపిల్లలకు మెదడు పొరల క్షయ వంటి ప్రమాదకర రూపముల నుండి అది రక్షణ నిచ్చుచున్నందున నేటికిని వేయుచున్నారు. పరీక్ష లేకున్నచో ఈ భేదము తెలిసెడిది కాదు.

నేడు సాధారణ క్షయకు ఆరు నెలల మందులు ప్రభుత్వ ఆస్పత్రులలో ఉచితముగా లభించుచున్నవి. ఆస్పత్రి గోడపై దాత పేరు చెక్కవచ్చును; మాత్రపై చెక్కుటకు తావులేదు. అయినను ఆరవ నెలలో రోగి చేతికందు ఆ చివరి మాత్రయే అంతవరకు చేసిన దానమును సార్థకము చేయును.