అర్ధరాత్రి లేని తేదీలు: ‘డేట్’ కమాండ్ ఎక్కడ తడబడుతుంది?

లినక్స్‌లో తేదీలు, సమయాల లెక్కకు వాడే కమాండ్ జీఎన్‌యూ ‘డేట్’. టైమ్‌జోన్‌ను కరాచీగా పెట్టి, 2008 జూన్ 1 తేదీని ఇస్తే ‘ఇన్‌వాలిడ్ డేట్’ అంటుంది. క్యాలెండర్‌లో ఉన్న తేదీ కంప్యూటర్‌కు ఎందుకు చెల్లలేదు?

విద్యుత్ ఆదా కోసం పాకిస్తాన్ ఆ రోజు గడియారాలను గంట ముందుకు జరిపింది. మే 31 రాత్రి 11:59 తర్వాత నేరుగా ఒంటిగంట అయింది. తేదీ ఒక్కటే ఇస్తే ‘డేట్’ దాన్ని అర్ధరాత్రి 00:00గా తీసుకుంటుంది. కరాచీలో ఆ క్షణమే లేదు కాబట్టి తిరస్కరిస్తుంది.

25 గంటల రోజు

విద్యుత్ కొరతతోనే బంగ్లాదేశ్ 2009 జూన్ 19 రాత్రి 11 గంటలకు గడియారాన్ని 12కు జరిపింది. డిసెంబర్ 31 అర్ధరాత్రి మళ్లీ 11కు తెచ్చింది. దాంతో ఆ రోజుకు 25 గంటలు వచ్చాయి. ఆనాటి 00:30కి 86,400 సెకన్లు కలిపి ‘రేపటి తేదీ’ అడిగే స్క్రిప్టుకు ఢాకా జోన్‌లో మళ్లీ డిసెంబర్ 31, రాత్రి 11:30 వస్తుంది. ఇక్కడ తప్పింది రోజంటే 24 గంటలేనన్న ప్రోగ్రామర్ అంచనా.

భారత్‌లోనూ

మన దేశంలో ఇప్పుడు ఈ పద్ధతి లేదు. కానీ రెండో ప్రపంచ యుద్ధంలో 1942 సెప్టెంబర్ 1 నుంచి 1945 అక్టోబర్ వరకు భారత గడియారం గ్రీనిచ్ కంటే ఆరున్నర గంటలు ముందు నడిచింది. టైమ్‌జోన్ డేటాబేస్‌లో ఆ మార్పు నమోదై ఉంది. అందుకే కోల్‌కతా జోన్‌లో 1942 సెప్టెంబర్ 1ని పుట్టినతేదీగా ఇచ్చినా అదే తిరస్కరణ. పింఛను రికార్డులను చదివే స్క్రిప్టు ఆగిపోవడానికి ఇలాంటి ఒక్క వరుస చాలు.

అమెరికా సర్వర్లను హైదరాబాద్ నుంచి చూసుకునే ఇంజినీర్లకు ఇది ఏటా ఎదురయ్యేదే. అక్కడ మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున 2:30 ఉండదు. నవంబర్ మొదటి ఆదివారం 1:30 రెండుసార్లు వస్తుంది.

జాగ్రత్తలు

• తేదీల మధ్య లెక్క వేసేటప్పుడు మధ్యాహ్నం 12 గంటల సమయం జోడించాలి.
• ‘రేపు’ కావాలంటే సెకన్లు కాకుండా ‘ఒక రోజు’ కలపాలి.
• లావాదేవీలు, లాగ్‌ల సమయాన్ని యూటీసీలో భద్రపరచాలి. ‘డేట్’కు ఇందుకోసం ‘-యూ’ ఆప్షన్ ఉంది.
• పుట్టినతేదీలను సమయం జోడించకుండా తేదీలుగానే ఉంచాలి.
• టైమ్‌జోన్ డేటాబేస్‌ను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయాలి. గడియారం మార్చేది ప్రభుత్వం. ఆ సంగతి అప్‌డేట్ అందేదాకా కంప్యూటర్‌కు తెలియదు.