కాకినాడ నుంచి వెళ్ళిన ఉత్తరం

మొన్న సంక్రాంతికి యాంగోన్‌లో మనవాళ్ళం కలుసుకున్నప్పుడు, మా మనవరాలి చేతిలో బెలూను చూసి “ఇందులోని హీలియం మన గుంటూరులోనే కనిపెట్టారమ్మా” అని గొప్పగా చెప్పాను. ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేస్తే, నా మాటలో సగమే నిజమని తేలింది.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడి నీడ గుంటూరు, మచిలీపట్నం మీదుగా బంగాళాఖాతం దాటి, బర్మా దక్షిణపు కొసను తాకి సయాం చేరింది. రంగూన్‌కు పాక్షిక గ్రహణమే దక్కింది. మన పెద్దలు రోజుల తరబడి ఓడలో దాటిన సముద్రాన్ని ఆ నీడ గంటన్నరలోపే దాటేసింది!

ఆ ఉదయం గుంటూరులో ఒక ఫ్రెంచి వర్తకుడి మేడ మీద జాన్సెన్ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు వర్ణపటదర్శిని అమర్చుకుని కూర్చున్నాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలలు వేడెక్కిన వాయువులేనని, ముఖ్యంగా హైడ్రోజన్ అని, వాటి కాంతిగీతలు చూసి తేల్చాడు. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా కనిపిస్తాయేమో అనిపించిందతనికి. మర్నాడు చూశాడు, కనిపించాయి. గుంటూరు గర్వించవలసింది నిజానికి ఇందుకు. ఆ జ్వాలల కోసం గ్రహణం వచ్చేదాకా కాచుకునే బాధ తప్పింది.

ఈ సంగతి జాన్సెన్ పారిస్‌కు రాసింది సెప్టెంబరులో, కాకినాడ నుంచి. తరవాతి కాలంలో మన తాతలెందరో రంగూన్ ఓడ ఎక్కిన రేవు అది. ఇక్కడివాళ్ళు ఒకప్పుడు మనల్ని ‘కోరంగీలు’ అనడానికి కారణమైన కోరంగి కూడా దాని పక్కనే. ఉత్తరం చేరేలోగా, అక్టోబరు 20న ఇంగ్లండులో లాక్యర్ సొంతంగా ఆ పద్ధతినే సాధించాడు. రెండు వార్తలూ పారిస్ అకాడెమీకి ఒకే రోజున అందాయి. ఫ్రాన్సు ప్రభుత్వం ఇద్దరి ముఖాలతో ఒక పతకం వేయించింది.

మరి హీలియం? సోడియం గీతకు దగ్గరలో కనిపించిన పసుపు గీత, భూమ్మీద తెలియని మూలకానిదని వాదించినవాడు లాక్యర్. సూర్యుడి గ్రీకు పేరు మీదుగా దానికా పేరు వచ్చింది. 1895లో రామ్సే ఒక యురేనియం ఖనిజంలో దాన్ని పట్టుకునేదాకా చాలామంది నమ్మలేదు.

ఈనాటి లెక్క ప్రకారం విశ్వంలోని హీలియంలో చాలాభాగం నక్షత్రాలు వండింది కాదు. విశ్వం పుట్టిన తొలి కొద్ది నిమిషాల్లోనే, మామూలు పదార్థపు బరువులో సుమారు నాలుగోవంతు హీలియం అయిపోయింది. ఆ హీలియం, మిగిలిన హైడ్రోజన్ కలిసిన మేఘాలు తమ బరువుకు తామే కుంగిపోయి తొలి నక్షత్రాలయ్యాయి.

మా మనవరాలి బెలూనులోది మాత్రం అంత పాతది కాదు. అది భూగర్భంలో యురేనియం, థోరియం క్షీణిస్తున్నప్పుడు పుట్టి, సహజవాయువుతో పాటు బయటికి వచ్చింది. ఈసారి కలిసినప్పుడు ఇదంతా దిద్ది చెప్పాలి, కాకినాడ ఉత్తరంతో సహా.