ఎత్తిపోత ఎవరిది?

మా పెరటి వేపచెట్టు కొమ్మలు పక్కవాళ్ల డాబా మీదికి వాలిపోతున్నాయని మొన్న వేసవిలో ఓ అబ్బాయిని పిలిపించాను. అదివరకు ఎవరో మేస్త్రీ కింద రోజుకూలికి వెళ్లేవాడట. సొంతంగా పని ఒప్పుకోవడం అదే మొదలట. చెట్టు చుట్టూ ఒక్కసారి తిరిగి, "1,500 ఇప్పించండమ్మగారూ" అన్నాడు. బేరమాడకపోతే మనం ఆడవాళ్లమెలా అవుతాం? 1,200కి దింపాను.

పొద్దుగూకేసరికి కొమ్మలన్నీ నేలమీదున్నాయి. "ఎత్తిపోతకి ట్రాలీ ఆటో పెట్టాలండీ, అది వేరే..." అని నసిగాడు. "అన్నీ కలిపే కదయ్యా ఒప్పుకున్నావు!" అన్నాను. మారు మాట్లాడలేదు. ఆటో తనే తెచ్చుకుని, చెత్తంతా ఎక్కించి, ఇచ్చింది పుచ్చుకుని వెళ్లిపోయాడు. గెలిచాననే అనుకున్నాను.

ఆ వారమే మావారు లైబ్రరీ నుంచి తెచ్చిన తోటల చరిత్ర తిరగేస్తుంటే లాన్సెలాట్ బ్రౌన్ తగిలాడు. 1716లో ఇంగ్లండు ఉత్తరాన ఓ పల్లెలో పుట్టినవాడు. 1741లో స్టో అనే పెద్ద ఎస్టేటులో హెడ్ తోటమాలి అయ్యాడు. జీతం ఏడాదికి 25 పౌన్లు. 1751లో భార్యాపిల్లల్ని వెంటబెట్టుకుని లండన్ దగ్గరి హేమర్‌స్మిత్ చేరి సొంతంగా పనులు పట్టడం మొదలుపెట్టాడు. చెట్లు కొట్టించడం, నాటించడం, చెరువులు తవ్వించడం, మట్టిదిబ్బలు సరిచేయించడం, అన్నీ ఆ పనుల్లోవే. ఏ జమీందారు తోట చూసినా దీనికి మంచి 'కేపబిలిటీ' ఉందనేవాడట. చివరికి ఆయనకి అదే పేరై కూర్చుంది.

నెలజీతం మానేసి వచ్చినవాడికి మొదటి గండం ధర చెప్పడం. తక్కువ చెబితే కూలీల బత్తేలు మీద పడతాయి. ఎక్కువ చెబితే పని పోతుంది. బ్రౌన్ ఏం చేసేవాడంటే, గుర్రమెక్కి స్థలమంతా చూసి, పనికో పద్దు చొప్పున ఒప్పందం కాగితం మీద పెట్టేవాడు. డబ్బు విడతల వారీగా రావాలి. 1762లో బోవుడ్ ఎస్టేటుకి 4,300 పౌన్లకి ఒప్పుకున్నాడు. అందులో నాకు నచ్చింది అంకె కాదు. గుర్రాలూ, బళ్లూ, తోపుడు బళ్లూ, నాటవలసిన చెట్లూ షెల్బర్న్ ప్రభువే ఇవ్వాలని రాయించుకున్నాడు చూడండి, అదీ! ఎత్తిపోత ఎవరిదో ముందే తేలిపోయిందన్నమాట.

అలాగని గొడవలు రాలేదనుకునేరు. 1763లో ఆడ్లీ ఎండ్ పని 660 పౌన్లకి పట్టాడు. యజమాని సర్ జాన్ గ్రిఫిన్ గ్రిఫిన్ (రెండుసార్లు అచ్చు పడలేదు, ఆయన పేరే అంత). పని గడువు దాటింది, డబ్బు దగ్గర తేడా వచ్చింది, చివరికి ఇద్దరికీ చెడింది.

ఇక ఆయన లెక్కల పుస్తకం ఒకటి ఇప్పటికీ లండన్లో, తోటల సొసైటీవారి లిండ్లే లైబ్రరీలో ఉంది. సఫోక్‌లోని బ్రాంచెస్ అనే ఎస్టేటు యజమాని ఆంబ్రోస్ డికెన్స్ పద్దు దగ్గర ఓ మాట రాసి ఉంది. చెప్పినదాని కంటే ఎక్కువ చేసిన పనికి ఆ పెద్దమనిషి డబ్బివ్వనన్నాడట. బ్రౌన్ ఆ లెక్కకాగితాన్ని ఆయన మొహం ముందే చింపేసి, అనదల్చుకున్నది అనేసి వచ్చేశాడట. అప్పటికి పెద్ద పెద్ద ప్రభువుల పనులు చేతిలో ఉన్నవాడు, చింపగలిగాడు. మా వేపచెట్టు అబ్బాయి దగ్గర చింపడానికి కాగితమన్నా లేదే!

పుస్తకం మూసేసినా అతను నసిగిన ఆ మాట చెవిలోనే ఉంది. మావారితో చెబితే, "ఇప్పుడు గుర్తొచ్చిందా?" అన్నారు, పేపరు దించకుండానే.

పది రోజుల తరవాత కూరల బజారులో కనిపించాడు. నన్ను చూసి పక్కకి తప్పుకోబోయాడు. నేనే పిలిచి 300 చేతిలో పెట్టాను. అతను ఒకసారి లెక్కపెట్టుకుని, జేబులోంచి యాభై తీసి నా సంచిలో వంకాయల మీద పెట్టాడు.

"ఆటోకి 250యేనండీ అయింది."