పట్టాల కింది రాయి, కార్మికుడి ఊపిరి

రైలు పట్టాల కింద పరిచే కంకర బండి బరువును నేలకు పంచుతుంది, వాన నీటిని నిలవనివ్వదు. అందుకు గట్టి రాయి కావాలి. తెలుగు నేలలో చాలాచోట్ల ఆ రాయి గ్రానైట్. అందులో ఇంచుమించు నాలుగో వంతు, ఒక్కోచోట అంతకు మించి, పలుగురాయి ఉంటుంది. పలుగురాయి అంటే స్ఫటిక రూపంలోని సిలికా. రాయి రాయిగా ఉన్నంత కాలం ఎవరికీ హాని లేదు. తొలిచినప్పుడు, పగలగొట్టినప్పుడు, నలిపినప్పుడు లేచే దుమ్ములో కంటికి ఆనని రేణువులు ఊపిరితిత్తుల చివరి గాలి గదుల దాకా వెళ్తాయి. వాటిని మింగిన రక్షక కణాలు చనిపోతాయి. ఆ చోట గట్టి మచ్చలు కడతాయి. కొన్నేళ్లకు మనిషి నాలుగడుగులు వేస్తే ఆయాసపడతాడు. అదే సిలికోసిస్. నయం చేసే మందు లేదు. పైగా క్షయ సులువుగా అంటుకుంటుంది.

ఈ దుమ్ము నుంచి రైల్వే కార్మికులను కాపాడే ప్రయత్నాలను వరుసగా చూస్తే ఒక సంగతి పదేపదే ఎదురవుతుంది. నివారణ మార్గం చాలా ముందే తెలుసు. అయినా, దుమ్ముకు ఎవరో ఒకరు చట్టం ముందు జవాబు చెప్పుకోవాల్సి వచ్చిన చోటే అది అదుపులోకి వచ్చింది.

సొరంగాల కాలం

రాళ్లు చెక్కేవాళ్ల ఊపిరితిత్తులు చెడిపోతాయని ఇటలీ వైద్యుడు బెర్నార్దినో రమజ్జిని 1700లోనే రాశాడు. ఉలీ సుత్తీ వాడిన రోజుల్లో ఒక మనిషి రేపే దుమ్ముకు ఒక హద్దు ఉండేది. రైల్వే ఆ హద్దును చెరిపేసింది. ఫ్రాన్స్, ఇటలీల మధ్య ఆల్ప్స్ పర్వతాల్లో 1857 నుంచి 1871 దాకా తవ్విన ఫ్రేజూ సొరంగంలో ఇంజనీరు జెర్మాన్ సోమెయే గాలి ఒత్తిడితో నడిచే డ్రిల్లులను ప్రవేశపెట్టాడు. పని వేగం పెరిగింది. ఆ తర్వాత ఇలాంటి యంత్రాలు ప్రపంచమంతా పాకాయి. పొడి రాతిని యంత్రం తొలిచిన ప్రతి చోటా దుమ్ము మేఘంలా కమ్మింది.

అమెరికాలో ఆవిరి డ్రిల్లుతో పోటీపడిన జాన్ హెన్రీ కథ జానపద గీతమై నిలిచింది. చరిత్రకారుడు స్కాట్ నెల్సన్ 2006లో వెలువరించిన పుస్తకంలో దీనికి మరో కోణం చూపించాడు. జాన్ హెన్రీ వర్జీనియా జైలు ఖైదీ అనీ, చెసపీక్ అండ్ ఒహాయో రైల్వే కోసం లూయిస్ సొరంగం తవ్విన ఖైదీల్లో అనేకులు రాతి దుమ్ము వల్లే చనిపోయారనీ ఆయన వాదన. జైలు నుంచి కూలికి తెచ్చిన మనుషుల ఊపిరికి జవాబుదారీ ఎవరూ లేరు.

విరుగుడుకు ఎక్కువ కాలం పట్టలేదు. స్విట్జర్లాండ్, ఇటలీల మధ్య 1898లో మొదలై 1906లో పూర్తయిన సింప్లాన్ రైల్వే సొరంగంలో ఆల్ఫ్రెడ్ బ్రాంట్ రూపొందించిన డ్రిల్లు నీటి ఒత్తిడితో నడిచింది. ఆ నీరే రంధ్రాన్ని కడిగేది, దుమ్ము పుట్టిన చోటే బురదగా మారేది. అమెరికాలో జార్జ్ లేనర్ 1897లో బోలు కడ్డీ గుండా రంధ్రంలోకి నీరు పంపే డ్రిల్లును తెచ్చాడు. అంటే 20వ శతాబ్దం మొదలయ్యేనాటికే విరుగుడు చేతికి వచ్చింది.

అయినా 1930–31లో వెస్ట్ వర్జీనియాలోని హాక్స్ నెస్ట్ దగ్గర ఘోరం జరిగింది. అది రైలు సొరంగం కాదు, జలవిద్యుత్తు కోసం తవ్వినది. సిలికా దండిగా ఉన్న రాతిని, తొందరగా పూర్తి చేయాలని, నీరు వాడకుండా తవ్వించారు. కూలీల్లో ఎక్కువమంది దక్షిణాది రాష్ట్రాల నుంచి పనికోసం వచ్చిన నల్లజాతివారు. కనీసం 764 మంది చనిపోయి ఉంటారని వైద్యుడు మార్టిన్ చెర్నియాక్ తర్వాత లెక్కగట్టాడు. 1936లో అమెరికా చట్టసభ విచారణ జరిపింది. అదే ఏడాది కార్మిక మంత్రి ఫ్రాన్సెస్ పెర్కిన్స్ సిలికోసిస్‌పై జాతీయ సదస్సు పిలిచింది.

ఇంజిన్‌లోని ఇసుక

తడి పట్టాల మీద చక్రాలు జారకుండా ఇంజిన్లు ఇసుక జల్లుతాయి. ఆ ఇసుక కూడా సిలికాయే. మిస్సోరీ పసిఫిక్ రైల్వేలో దాదాపు ముప్పయ్యేళ్లు ఫైర్‌మన్‌గా పనిచేసిన యూరీ అనే కార్మికుడు 1940లో సిలికోసిస్‌తో పని మానేయాల్సి వచ్చింది. ఇసుక జల్లే పరికరాల లోపాల వల్ల దుమ్ము క్యాబ్‌లోకి చేరిందని ఆయన దావా వేశాడు. ‘గాయం’ అంటే ప్రమాదమేనా, ఏళ్ల తరబడి లోలోపల పెరిగిన జబ్బు కూడానా అన్నది మొదటి ప్రశ్న. దావాకు మూడేళ్ల గడువు ఎప్పటినుంచి మొదలవుతుందన్నది రెండోది.

‘యూరీ వర్సెస్ థాంప్సన్’ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1949లో రెండింటికీ కార్మికుడి పక్షాన తీర్పు చెప్పింది. 1908 నాటి రైల్వే యజమానుల బాధ్యతా చట్టం కిందికి సిలికోసిస్ కూడా వస్తుందని తేల్చింది. దుమ్ము పీల్చిన తొలి రోజు నుంచి గడువు లెక్కగడితే, జబ్బు సంగతే తెలియని మనిషికి అన్యాయం జరుగుతుందని గుర్తించి, అది బయటపడిన నాటి నుంచే గడువు మొదలవుతుందని చెప్పింది. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో ఇంతకు మించిన మలుపు లేదు. అప్పటిదాకా కార్మికుడి దురదృష్టంగా చూసిన దుమ్ము, ఆ తీర్పుతో కంపెనీ ఖాతాలో బాకీగా మారింది. పోత పోసిన ఇనుప భాగాలను ఇసుక ధారతో శుభ్రం చేయడాన్ని బ్రిటన్ నిషేధించింది కూడా 1949లోనే.

ఆరుబయట మిగిలిపోయిన పని

సొరంగానికి నీరు వచ్చింది, ఇంజిన్‌కు తీర్పు వచ్చింది. ఆరుబయట పట్టాల మీది పని మాత్రం వెనకబడింది. గాలి వీస్తుంటే దుమ్ము దానంతటదే పోతుందని అనుకున్నారు. వ్యాగన్ నుంచి కంకర గుమ్మరించినప్పుడు, జల్లెడ పట్టే యంత్రం పాత కంకరను పైకి తీసినప్పుడు, ట్యాంపింగ్ యంత్రం ఇనుప కొనలు సెకనుకు 35 సార్లు కంపిస్తూ స్లీపర్ల కింది రాళ్లను సర్దినప్పుడు రాయి నలుగుతుంది. అప్పుడే పగిలిన సిలికా రేణువు పాతదాని కంటే ఎక్కువ హాని చేస్తుంది.

ఘనపు మీటరు గాలిలో 50 మైక్రోగ్రాములకు మించి ఈ సిలికా ఉండకూడదని అమెరికా పరిశోధన సంస్థ నియోష్ 1974లో సిఫారసు చేసింది. 1997లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని క్యాన్సర్ కారకంగా నిర్ధారించింది. అమెరికాలో ఆ 50 మైక్రోగ్రాముల హద్దు చట్టబద్ధమైంది 2016లో. సిఫారసుకూ చట్టానికీ మధ్య 42 ఏళ్లు గడిచిపోయాయి. ఒక కార్మికుడి ఉద్యోగ జీవితం మొత్తం అందులో ఇమిడిపోతుంది.

చేయాల్సిన పనుల వరుస కూడా స్థిరపడింది. కంకరను క్వారీలోనే కడగాలి, గుమ్మరించే ముందు తడపాలి. యంత్రం నడిపేవాళ్లకు శుద్ధి చేసిన గాలి వచ్చే మూసిన క్యాబ్ ఉండాలి. మాస్క్ ఆఖరి రక్షణ. ముక్కుకు కట్టుకున్న తువాలు ఆ సన్నని రేణువులను ఆపలేదు.

మన దగ్గర

1863లో పూర్తయిన భోర్ ఘాట్ రైలు మార్గంలో కూలీలను ప్రధానంగా బలిగొన్నది కలరా, ఇతర జ్వరాలు. అక్కడి నల్లరాతిలో పలుగురాయి చాలా తక్కువ. తూర్పు కనుమల సంగతి వేరు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ మార్గం అరకు కొండల్లో సొరంగం వెనక సొరంగంగా సాగుతుంది. అక్కడి ఖొండలైట్ రాతిలో పలుగురాయి ఒక ముఖ్య భాగం. 2019లో ప్రారంభమైన చెర్లోపల్లి–రాపూరు సొరంగం వెలికొండల్లో 6.6 కిలోమీటర్లు సాగుతుంది. ఆ కొండల్లో క్వార్ట్‌జైట్ దండిగా ఉంది.

చట్టాలు మనకూ ఉన్నాయి. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చింది. కానీ ఫ్యాక్టరీ నిర్వచనం నుంచి రైల్వే రన్నింగ్ షెడ్డును, అంటే ఇంజిన్లు నిలిపే షెడ్డును, మినహాయించింది. దుమ్ముకు ఆ చట్టం పెట్టిన హద్దును పలుగురాయి శాతాన్ని బట్టి లెక్కగట్టాల్సి ఉండేది. దుమ్ములో 30 శాతం ఉంటే ఘనపు మీటరుకు సుమారు 94 మైక్రోగ్రాముల సిలికాను అనుమతించినట్టు అయ్యేది. అమెరికా హద్దుకు ఇది దాదాపు రెట్టింపు. రైల్వే నిర్మాణ పనులు 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం పరిధిలోకి వచ్చాయి.

2025 దాకా అమల్లో ఉన్న 1923 నాటి పరిహార చట్టంలో ఒక మంచి ఏర్పాటు ఉండేది. దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు ఒకరికంటే ఎక్కువ యజమానుల దగ్గర పని చేయడం వల్ల వస్తే, వాళ్లందరూ కమిషనర్ నిర్ణయించిన వాటా ప్రకారం పరిహారం చెల్లించాల్సి ఉండేది. క్వారీలో కొన్నేళ్లు, సొరంగంలో కొన్నేళ్లు, పట్టాల మీద కొన్నేళ్లు పనిచేసే కాంట్రాక్టు కూలీకి సరిగ్గా ఇదే కావాలి. అయితే ఎవరి దగ్గర ఎన్నాళ్లు చేశాడో చూపించే కాగితం అతని దగ్గర ఉండాలి. జబ్బు పదీ ఇరవయ్యేళ్లకు బయటపడుతుంది. అప్పటికి కాంట్రాక్టు ముగిసి, మేస్త్రీ ఎక్కడున్నాడో తెలియక, రికార్డు లేక, ఆస్పత్రి చీటీలో క్షయ అని మాత్రమే మిగిలే ప్రమాదం ఉంది.

అందుకే పర్మినెంటు గ్యాంగ్‌మ్యాన్‌కైనా కాంట్రాక్టు కూలీకైనా పనిలో చేరిన రోజే ఛాతీ ఎక్స్‌రే తీయాలి. పని మానేసిన తర్వాత కూడా పరీక్షలు కొనసాగాలి. తడపకుండా కంకర దింపిన కాంట్రాక్టరుకు బిల్లు ఆపాలి. కంకరను ఘనపు మీటర్లలో కొలిచి రిజిస్టరులో రాసే వ్యవస్థ మనకు ఎప్పటి నుంచో ఉంది. ఆ కంకరను ఎత్తిపోసిన మనుషుల పేర్లనూ, పనిచేసిన రోజులనూ, పరీక్షల ఫలితాలనూ అంతే కచ్చితంగా రాయాలి. ఒక ప్రతి కార్మికుడి చేతికి ఇవ్వాలి.