గళ్ళ కాగితముపై నేలమాళిగలు

ఒక్కొక్క అడుగునకు ఒక్కొక్క గడి చొప్పున చీకటి నేలమాళిగలో నడచుచు, శత్రువెదురైనచో తన వంతు వచ్చుదనుక నిలిచి, నిదానముగా ఆలోచించి, ఖడ్గమునో మంత్రమునో ప్రయోగించు కంప్యూటరు ఆటల తెగ యొకటి అర్ధశతాబ్దమునుండి వర్ధిల్లుచున్నది. అట్టి ఆటలను కోరి వెదకువారికి నేడొక చిక్కు కలదు. రోల్ ప్లేయింగ్ గేములు అను ఒక్క పేరు క్రింద అంగళ్ళలో వేయి విధములైన ఆటలు కుప్పపడియున్నవి. వానిలో నేలమాళిగ లేనిది అరుదు, రాక్షసుడు లేనిది అంతకన్న అరుదు. ఈ తెగకు చెందినదేదియో పోల్చుకొనవలెనన్న దాని వంశచరిత్ర తెలియవలెను. రాక్షసులును, మాయావులును, బిలద్వారములును మన కాశీమజిలీ కథలయందును కొల్లలుగా నున్నవి. కావున ఈ ఆటల ప్రాణము వేరొకచోట నున్నదని నా నమ్మకము. ఆడువాడు తాను నడచిన త్రోవను తన చేతితో తాను పటముగా గీచికొనుటయందే ఆ ప్రాణమున్నది. ఆ పటము వాని చేతినుండి ఎట్లు జారిపోయినదో, మరల ఎట్లు తిరిగివచ్చినదో, అదియే వీని చరిత్ర.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆటను ప్రకటించిరి. బల్లచుట్టును కూర్చుండి, పాచికలు వేయుచు, మాటలతో నాడు ఆట యది. అందొకడు సూత్రధారి. అతడు గళ్ళ కాగితముపై ముందుగనే నేలమాళిగను గీచి, దానినెవరికిని చూపక, ఎదుటనున్న నడవ ఎంత పొడవో, తలుపు ఏ ప్రక్కన నున్నదో నోటితో వర్ణించును. తక్కినవారిలో నొకడు ఆ వర్ణన వినుచు మరియొక గళ్ళ కాగితముపై తమ పటమును కూర్చుకొనుచు పోవును. మొదటి పటము సత్యము, రెండవది ఆ సత్యమును గూర్చిన అనుమానము. ఈ రెండింటి నడుమనున్న అంతరమే ఆ ఆటలోని భయమునకును ఆనందమునకును మూలము. కంప్యూటరు వచ్చి సూత్రధారి పీఠమునెక్కినప్పుడు ఈ రహస్యమునే తన వశము చేసికొనెను.

ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున విద్యాబోధనకై నెలకొల్పబడిన ప్లేటో అను వ్యవస్థ ఈ తెగకు పురిటిల్లు. దూరదూరములనున్న అనేక టెర్మినళ్ళు ఒక మహాయంత్రమునకు కలుపబడియుండెడివి. నారింజవన్నెలో వెలుగు వాని ప్లాస్మా తెరలపై పాఠములు చదువవలసినవారు ఆటలు వ్రాయ మొదలిడిరి. 1975లో రస్టీ రూథర్‌ఫర్డ్ అనునతడు 'పెడిట్5' అను పాఠపు దస్త్రములో ఒక నేలమాళిగను దాచెను. అధికారులు దానిని కనుగొని చెరిపివేయుటయు, అది మరల ప్రత్యక్షమగుటయు జరుగుచుండెను. ఆ రోజులలోనే గ్యారీ విజెన్‌హంట్, రే వుడ్ అనువారు అదే ప్లేటోపై 'డిఎన్‌డి' అను ఆటను వ్రాసిరి. ఈ రెండును పైనుండి క్రిందికి చూచు ఆటలు. తరువాత వచ్చిన 'మోరియా', 1977 నాటి 'ఊబ్లియెట్' అను ఆటలు నడచువాని కన్నులకెదుట కనబడు దృశ్యమునే, కొన్ని సరళరేఖలతో గోడలును తలుపులును గీచి, తెరపై నిలిపినవి. ఈ మార్పు చిన్నది కాదు. గోడ ఎదుట నిలుచున్నవానికి గోడకావలనున్నది తెలియదు. తెలియనిదానిని గుర్తుంచుకొనుటకు పటము కావలెను.

ఈ విద్య గృహములకు వ్యాపించినది 'విజార్డ్రీ' అను ఆటతోడనే యని చెప్పవచ్చును. అంతకుముందే రిచర్డ్ గారియట్ అను యువకుడు 'అకలబెత్' అను ఆటలో గీతల నేలమాళిగను ఆపిల్ యంత్రముపై చూపియుండెను గాని, అందు సంచరించువాడు ఒంటరి. కార్నెల్ విశ్వవిద్యాలయములోని ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ అను విద్యార్థులు రచించిన 'విజార్డ్రీ'ని న్యూయార్కు రాష్ట్రమునందలి సర్-టెక్ అను సంస్థ 1981లో ఆపిల్-2 యంత్రమునకై విడుదల చేసెను. ట్రెబర్ అను ఉన్మత్త ప్రభువునొద్దనుండి వెర్డ్నా అను మాంత్రికుడు ఒక రక్షరేకును దొంగిలించి, పది అంతస్తుల నేలమాళిగకు అట్టడుగున దాగెను. దానిని తెచ్చుటయే కార్యము. కథ యింతియే. ప్రతి అంతస్తును 20 గడుల పొడవును 20 గడుల వెడల్పును గలది, అనగా మొత్తము 4,000 గడులు. ఆ నాటి యంత్రము నడకతోపాటు మారు దృశ్యమును ఎడతెగక చిత్రింపజాలదు గనుక, తెరపై ఒక మూలనున్న చిన్న చట్రములో గడికొక చిత్రము చొప్పున చూపుచు పోయెను. ఇది నిస్సందేహముగా యంత్రము యొక్క లేమి. కాని గడిగడికి ఆగు నడక గనుకనే దానిని కాగితముపై నెక్కించుటకు వీలు కలిగెను. వంతులవారీ యుద్ధము గనుకనే పెన్సిలు క్రింద పెట్టి ఆలోచించుటకు వ్యవధి దొరికెను. లేమి తొలగిన పిదప గూడ ఈ పద్ధతిని వదలుకొనని వారుండుటకు కారణమిదియే.

ఆరుగురు సాహసికులు జట్టుగా దిగుదురు. ముందు వరుసలోని మువ్వురు ఆయుధములతో పోరాడుదురు. వెనుకనున్న మువ్వురు మంత్రములు మొదలగువానితో తోడ్పడుదురు. అయితే ఈ నేలమాళిగకు నిజమైన శత్రువు కత్తి పట్టినవాడు కాక పెన్సిలు పట్టినవాడని తోచును. కొన్ని గడులలో అడుగిడిన క్షణముననే జట్టు తనకు తెలియకుండ వేరొక దిక్కునకు తిరిగిపోవును. కొన్నింట ఏ సూచనయు లేక దూరమునందలి వేరొక గడిలో పడవేయబడును. కొన్నిచోట్ల గాఢాంధకారము తప్ప ఏమియు కానరాదు. తూర్పు అంచు దాటినవాడు పడమటి అంచున తేలును. కాగితముపై గీతలు ఒకదానిపైనొకటి పడి, ఉండరాని చోట గోడయు, ఉండవలసిన చోట శూన్యమును కనబడినప్పుడు గాని, తాను ఎప్పుడో దారి తప్పితినని ఆడువానికి తెలియదు. 'డూమాపిక్' అను మంత్రము మెట్లనుండి తూర్పునకెన్ని గడులు, ఉత్తరమునకెన్ని గడులు వచ్చితిమో చెప్పును. కాని తానున్న చోటు తెలిసికొనుటకు వెచ్చించిన శక్తి శత్రువుపై ప్రయోగించుటకు మిగులదు. 'మాలోర్' అను మంత్రముతో కోరిన గడికి ఎగిరిపోవచ్చును. లెక్క తప్పినచో జట్టంతయు రాతిలో కూరుకొని నశించును.

పద్మవ్యూహమున ప్రవేశమెరిగి నిర్గమనమెరుగని అభిమన్యుని దుర్గతి ఇందు నిత్యానుభవము. జట్టు మొత్తము కూలినచో వారి కళేబరములు కూలిన గడిలోనే పడియుండును. క్రొత్త జట్టును సమకూర్చి, వారికి బలము కలిగించి, ఆ గడివరకు నడపి, మృతులను మోసికొని రావలెను. ఊరిలోని గుడియందు ద్రవ్యము చెల్లించి ప్రాణము పోయించుకొనవచ్చును గాని, ఆ ప్రయత్నము విఫలమైనచో మృతుడు బూడిదయగును, రెండవమారును విఫలమైనచో వాని పేరు శాశ్వతముగా చెరిగిపోవును. జరిగినదానిని యంత్రము వెంటనే ఫ్లాపీ డిస్కుపై వ్రాసికొనుటచేత, న్యాయముగా ఆడువానికి వెనుకకు మరలు దారి లేదు. ఇట్టి కాఠిన్యము వలదని పలువురు చెప్పగా వింటిని. నేనొప్పుకొనను. తప్పుగా గీచిన ఒక్క గీత ప్రాణములు తీయగలిగినప్పుడే సరిగా గీచిన పటమునకు గౌరవము కలుగును.

అనుయాయులు త్వరలోనే బయలుదేరిరి. 1985లో ఇంటర్‌ప్లే సంస్థవారి 'ది బార్డ్స్ టేల్' రంగులను తెచ్చినది. 1986లో జాన్ వాన్ కేనెగెమ్ రచించిన 'మైట్ అండ్ మ్యాజిక్' నేలమాళిగలతోపాటు అడవులను, కొండలను గూడ గడులుగా విభజించినది. 1988లో వచ్చిన దాని రెండవ భాగమున పటలేఖనమను నైపుణ్యము నేర్చిన పాత్ర జట్టులోనున్నచో యంత్రమే పటమును గీచిపెట్టును. సౌకర్యమే, కాని పెన్సిలు చేజారినది అప్పుడే. అంతకుముందే 1987 నాటి 'డంజన్ మాస్టర్' గడులనుంచి వంతులను తొలగించెను: నీవాలోచించుచుండగనే శత్రువు మీదికి వచ్చును. 1992లో 'అల్టిమా అండర్‌వరల్డ్' గడుల నడకను విడిచి ధారాళమైన సంచారమును చూపెను. మరుసటి సంవత్సరము అట్టి ధారాళ సంచారముతోనే కాల్పుల ఆటయగు 'డూమ్' వచ్చెను. అటుపై పాశ్చాత్యులు గడిని ఒక లోపముగా భావింపసాగిరి.

జపానులో కథ వేరు దారి పట్టెను. హాలండు దేశీయుడగు హెంక్ రోజర్స్ 1984లో 'ది బ్లాక్ ఆనిక్స్' అను ఆటతో జపాను గృహయంత్రములకు ఈ తెగను పరిచయము చేసెను. మరుసటి యేడు ఆస్కీ సంస్థ 'విజార్డ్రీ'ని అచ్చటికి తెచ్చెను. 1987లో అది ఫామికాం అను ఇంటి ఆటల యంత్రమున ప్రవేశించినప్పుడు జున్ సుయెమి రాక్షసుల చిత్రములను గీయగా, కెంటారో హనేడా సంగీతము కూర్చెను. అమెరికా విద్యార్థులు చిలిపిగా అల్లిన లోకమును జపానువారు గంభీరమైన పురాణముగా గ్రహించిరి. ఆ గాంభీర్యమే దానిని బ్రతికించినదని నా అభిప్రాయము. 1988లో బెన్నీ మత్సుయామా దానిని నవలగా వ్రాసెను. యూజీ హోరీ 1986లో 'డ్రాగన్ క్వెస్ట్' నిర్మించునప్పుడు శత్రువును ఎదుట నిలిపి వంతులవారీగా పోరాడు రీతిని విజార్డ్రీనుండియే గ్రహించెను. 1987లో అట్లస్ సంస్థ నిర్మించిన 'మెగామి టెన్సెయి' రాక్షసులతో మాటలాడి వారిని జట్టులో చేర్చుకొను నూతన మార్గమును తెరచెను. పుట్టిన దేశమున 2001 నాటి ఎనిమిదవ భాగముతో విజార్డ్రీ ఆగిపోగా, జపానులో దాని పేరిట క్రొత్త ఆటలు వచ్చుచునే యున్నవి. 2020లో ఆ పేరుపై హక్కును సయితము డ్రికాం అను జపాను సంస్థయే కొనెను.

పెన్సిలు తిరిగివచ్చినది గూడ అచ్చటనే. 2007లో అట్లస్ సంస్థ 'సెకాయిజు నో మెయిక్యూ' అను ఆటను వెలువరించెను; ఇతర దేశములందు దానికి 'ఎట్రియన్ ఒడిస్సీ' యని పేరు. నింటెండో డిఎస్ అను చేతియంత్రమునకు రెండు తెరలు కలవు. నిర్దేశకుడగు కజుయా నీనో మీది తెరపై నేలమాళిగను చూపి, స్పర్శకు స్పందించు క్రింది తెరపై గళ్ళ కాగితమును పరచి, ఆడువాని చేతికి పుల్లనిచ్చెను. గోడలు, తలుపులు, నిధులు, మెట్లు అన్నియు అతడే గుర్తించుకొనవలెను. యూజో కోషిరో సంగీతమును పాత పిసి-8801 కంప్యూటరు స్వరములతోనే కూర్చుట ఆ తరమునకు సమర్పించిన వందనము. ఇందలి మరొక కల్పనను విశేషముగా చెప్పవలెను. సామాన్య శత్రువులు కంటబడక ఆకస్మికముగా మీదపడుదురు, ఎఫ్.ఓ.ఇ. అను బలిష్ఠ శత్రువులు మాత్రము పటముపై కనబడుచు, నీవొక అడుగు వేసిన తామొక అడుగు వేయుదురు. వారి గతిని గమనించి, ఏ మూలలో నిలిచినచో వారు దాటిపోవుదురో గడులు లెక్కించి తప్పించుకొనవలెను. గడియు, వంతును ఇంత చక్కగా ఒకటియైన ఘట్టము ఈ తెగలో మరియొకటి నేనెరుగను.

వెదకువారికి నేడు పూర్వమంత కష్టము లేదు. ఎట్రియన్ ఒడిస్సీ మొదటి మూడు భాగములును 2023లో నింటెండో స్విచ్చికిని, కంప్యూటరునకును నూతనముగా వచ్చినవి. ఒకే తెరపై దృశ్యమును పటమును ప్రక్కప్రక్కల నిలుపబడినవి. 2024లో డిజిటల్ ఎక్లిప్స్ సంస్థ మొదటి విజార్డ్రీని క్రొత్త చిత్రములతో పునర్నిర్మించినది. లోపల నడచునది 1981 నాటి మూలరచనయే గనుక, కోరినవారు ఆపిల్-2 తెరను గూడ ఒక ప్రక్కన చూచుచు ఆడవచ్చును. క్రొత్తవారు ఎట్రియన్‌తో ఆరంభించి, చేయి అలవడిన పిదప కాగితము దగ్గర పెట్టుకొని విజార్డ్రీని తెరువుట మేలు. 1987లో వచ్చిన విజార్డ్రీ నాలుగవ భాగమున ఓడిపోయిన వెర్డ్నాయే నాయకుడై అడుగునుండి పైకి ఎక్కవలసియుండును. మొదటి మూడు భాగములను ఆడి ముగించినవారిని ఉద్దేశించి వ్రాసిన అత్యంత కఠినమైన ఆట యది గనుక, దాని జోలికి అందరికన్న చివర పోవలెను.