వార్తకు పాత అర్థం

జహీరాబాద్ దిక్కు ఊళ్లలో చుట్టం గడప తొక్కితే కాళ్లకు నీళ్లిచ్చి, మంచం వాల్చి, మొదట అడిగేది ‘మీ దిక్కు వానలెట్లున్నయి?’ అని. తర్వాత ‘బర్రె ఈనిందా?’ ఆ తర్వాత ‘కందులు ఎంత పలుకుతున్నయి?’ ఎన్నికలు, కొట్లాటలు, ఊరి గొడవలు అన్నీ చాయ్ తాగినాకే. ఈ వరసను నేను చాలా ఏళ్లు వట్టి మర్యాద అనుకున్నాను. ‘వార్త’ అన్న మాట పుట్టుక తెలిశాక, ఆ మూడు ప్రశ్నలు నాకు వేరుగా వినిపిస్తున్నాయి.

సంస్కృతంలో ‘వృత్’ ధాతువుకు తిరగడం, నడవడం, ఉండడం అని అర్థాలు. దాని నుంచి వృత్తి వచ్చింది, వృత్తి నుంచి వార్త. ఋషి నుంచి ఆర్షం వచ్చినట్టే ఇక్కడా ఋకారం సాగి ‘ఆర్’ అయింది. బతుకుతెరువుకు సంబంధించినది వార్త. రాజు నేర్వవలసిన విద్యలు నాలుగని కౌటిల్యుడు చెప్పాడు: ఆన్వీక్షికి, త్రయి, వార్త, దండనీతి. ఇందులో వార్త అంటే సేద్యం, పశుపోషణ, వర్తకం. వాన, బర్రె, కందుల ధర. మా చుట్టాన్ని అడిగేవీ ఆ మూడే, వరస కూడా అదే! (వర్తకుడు కూడా ఆ ధాతువు ఇంటివాడే.)

అమరకోశంలో ఈ మాట రెండు అర్థాల్లో కనిపిస్తుంది. శబ్దాదివర్గంలో వృత్తాంతం పక్కన, వైశ్యవర్గంలో జీవిక పక్కన. అంటే అప్పటికే రెండు అర్థాలూ నడుస్తున్నాయి. ఎలా బతుకుతున్నారన్నదే మనిషి మనిషిని అడిగే మొదటి మాట కాబట్టి, బతుకు పేరే సమాచారానికీ పేరయిందని నా నమ్మకం.

తెలుగులో బతుకుతెరువన్న అర్థం ఎండిపోయింది. ఊళ్లో రోజూ చెప్పుకొనేదానికి కబురు ఉంది, అది ఉర్దూ ‘ఖబర్’ నుంచి వచ్చింది. ముచ్చట ఉంది. ‘వార్తలు’ మాత్రం రేడియోలోంచి, పేపర్లోంచి వచ్చేవి, ఎక్కడో పట్నంలో పుట్టి ఊరికి దిగేవి. ఊరి నుంచి పైకి ఎక్కడం అరుదు. మన ఊరు వార్తలకెక్కిందంటే ఏదో కీడు జరిగిందనే లెక్క.

1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2400 ఊళ్లకు ప్రయోగంగా టీవీ చూపించారు. అందులో మన తెలుగు ఊళ్లూ ఉన్నాయి. కోళ్లగూళ్లకు కట్టే వలతో అల్లిన పదడుగుల గిన్నె ఒకటి ఆకాశం వైపు తిరిగి ఉండేది, ఊరంతా ఒక్క పెట్టె ముందు కూర్చునేది. ఆ గిన్నె వినేదే గాని పలికేది కాదు. ఆ ప్రయోగంలో పనిచేసిన దూరదర్శన్ నిర్మాత పి.వి.సతీశ్ తర్వాత జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని నిలబెట్టినవారిలో ఒకరయ్యారు. అక్కడి సంఘాల దళిత మహిళలు తమకంటూ ఒక రేడియో కావాలన్నారు.

యునెస్కో తోడ్పాటుతో 1998లో మాచ్‌నూర్‌లో స్టూడియో లేచింది గాని, గాలిలోకి వదలడానికి లైసెన్సు లేదు. పదేళ్లపాటు కార్యక్రమాలు క్యాసెట్లకెక్కించి, సంఘాల కూటాల్లో టేప్‌రికార్డర్ పెట్టి వినిపించారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు తలుపు తెరుచుకున్నది 2006లో. ఆ తీర్పు రాసిన జస్టిస్ పి.బి.సావంత్ చేతుల మీదుగానే 2008 అక్టోబరు 15న సంఘం రేడియో 90.4 ఎఫ్.ఎం. మీద పలికింది. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ వంటి వాళ్లు మైకు ముందు, మిక్సర్ ముందు కూర్చున్నారు. వాళ్లు పలికేది పొలంలో పలికే భాషే.

కాని 2006 నుంచీ నిబంధనల్లో ఒక మాట ఉంది: ఇలాంటి సామాజిక రేడియో సొంతంగా వార్తలు సేకరించి ప్రసారం చేయరాదు. నాకు ఇది అన్యాయమనిపిస్తుంది. తమ మండలంలో ఏం జరిగిందో తమ గొంతుతో చెప్పుకోనివ్వకపోవడానికి న్యాయమైన కారణం నాకు ఒక్కటీ కనిపించదు. ఆ నిషేధం పోవాలి.

అయినా పాత అర్థాన్ని ఎవరూ నిషేధించలేకపోయారు. కొర్ర, సామ, పచ్చజొన్న, కంది కలిపి చల్లే ఎర్రనేలల మీద, రాత్రి ఏడింటికి, ఇంటిపని ఒక కొలిక్కి వచ్చే వేళ రేడియో మొదలవుతుంది. మిరుగం (మృగశిర కార్తె) దగ్గర పడితే మాట విత్తనం మీదికి పోతుంది. ఈత బుట్టకు లోపలా బయటా పేడ అలకాలి, ఆరనియ్యాలి. అడుగున వేపాకు, పైన బూడిద కలిపిన కందులు, మళ్లీ వేపాకు. మూత మీద మళ్లీ పేడమట్టి. అయితే బుట్టలో పోసేముందే ఒకసారి గింజను పంటి కింద పెట్టి చూడాలి. విరిగిన చప్పుడొస్తే ఎండినట్టు.